గండికోటకు ఒక రైడ్ పెడదాం

అమెరికాలోని మన తెలుగు సంఘంలో బైకులంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు. సెలవులు దగ్గర పడితే కొందరు ఐస్‌లాండ్ రింగ్ రోడ్ అంటారు, ఇంకొందరు మళ్ళీ వియత్నాం అంటారు. ఈ చలికాలం ఎక్కడికన్న చర్చ మొదలైంది కాబట్టి నా మాట ముందే చెప్పేస్తున్నాను. బెంగళూరులో బండ్లు తీసుకుని లేపాక్షి, కదిరి, గండికోట, బెలుం, యాగంటి మీదుగా కర్నూలు చేరి, గుత్తి, అనంతపురం దారిలో వెనక్కి వచ్చే టూర్ పెట్టుకుందాం. పాత లెక్కలో అనంతపురం, కడప, కర్నూలు జిల్లాలు. 2022లో జిల్లాలు విడగొట్టాక లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాకు, బెలుం, యాగంటి నంద్యాల జిల్లాకు వెళ్ళాయి. మా వైపు జనం నోట్లో మాత్రం ఇంకా పాత పేర్లే నడుస్తున్నాయి.

ముందు వియత్నాంలో మా బృందం తిరిగొచ్చిన హా జియాంగ్ గురించి చెప్పాలి. నాకు ఈ ఆలోచన అక్కడే పుట్టింది. వియత్నాం ఉత్తరాన, చైనా సరిహద్దును ఆనుకుని ఉన్న సున్నపురాతి కొండలవి. వాటి మధ్య ఉన్న రోడ్డును 1959 నుంచి 1965 వరకు యువతీ యువకులు చేతి పనిముట్లతోనే తొలిచారు. మా పి లెంగ్ కనుమలో ఆగి కిందికి చూస్తే ఎక్కడో లోతున న్యో క్వే నది పచ్చగా, సన్నగా పారుతుంటుంది. ఇవన్నీ ఫోటోల్లో చూసే ఉంటారు. ఫోటోల్లో కనపడనిది ఆ పల్లెల బతుకు. రాళ్ళ సందుల్లో ఉన్న కాస్త మట్టిలో మొక్కజొన్న పండించుకునే ఊళ్ళవి. రాత్రి మా బస ఆ ఊళ్ళ ఇళ్ళలోనే. ఇంటావిడ వండి, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి వడ్డించేది. బండి నడిపేది ఆ కొండల్లో పుట్టిన కుర్రాడే. పంక్చర్ వేసే అతనికీ, నీళ్ళ బాటిళ్ళు అమ్మే ముసలమ్మకీ టూరిస్టు డబ్బు అందుతోంది. వాన కోసం ఆకాశం వైపు చూసే మన వేరుశనగ రైతులు అక్కడ నాకు గుర్తొస్తూనే ఉన్నారు.

వియత్నాంలో మనకొక పెద్ద చిక్కు కూడా ఉంది. అమెరికాలో మనం తీసుకునే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం కిందది. వియత్నాంలో చెల్లేది 1968 నాటి వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్. అమెరికాలో ఎన్నేళ్ళుగా బండి నడుపుతున్నా, అక్కడి చట్టం దృష్టిలో మనం లైసెన్సు లేనివాళ్ళమే. తెలిసీ నడిపేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. పోలీసులు ఆపితే జరిమానాతో పోతుంది. పడి కాలు విరిగితే ఎవరు కడతారు? చెల్లే లైసెన్సు లేకుండా నడిపినప్పుడు జరిగిన ప్రమాదానికి చాలా ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలు డబ్బు ఇవ్వవు. అందుకే మా బృందం లోకల్ డ్రైవర్ల వెనక కూర్చుని తిరిగింది. అదే సరైన పని.

భారతదేశం 1949 ఒప్పందంలో ఉంది. మీ లైసెన్సు మీద మోటార్‌సైకిల్ ఎండార్స్‌మెంట్ ఉంటే ట్రిపుల్ ఏ (అమెరికాలోని వాహనదారుల సంఘం) ఆఫీసులో పర్మిట్ తీసుకోండి. అందులో మోటార్‌సైకిల్ కేటగిరీకి ముద్ర పడిందో లేదో అక్కడే చూసుకోండి. ఇక సీమ రోడ్ల మీద హ్యాండిల్ మన చేతిలోనే ఉంటుంది. కారు లైసెన్సు మాత్రమే ఉన్నవాళ్ళు 'మన ఊళ్ళో ఎవరడుగుతారులే' అనుకుని రావద్దు. అలాంటివాళ్ళని బృందంలో చేర్చుకోవడానికి నేను ఒప్పుకోను. బండ్ల విషయంలోనూ అంతే. అద్దెకు తిప్పే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు బండి సగం అద్దెకే ఇస్తామన్నా తీసుకోకూడదు. అది సొంత వాడకానికి రిజిస్టర్ చేసిన బండి, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర గొడవ తప్పదు.

'ఆ ఎండలో, ఆ రాళ్ళలో ఏముందని?' అని మన వాళ్ళే అడుగుతారు. లేపాక్షి నందిని చూశాక 44వ నెంబరు హైవే వైపు వెళ్ళకుండా లోపలి రోడ్లు పట్టుకుంటే తెలుస్తుంది ఏముందో. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ బుక్కుకెక్కింది. ఐదెకరాలకు కాస్త తక్కువగా పరుచుకున్న ఆ ఊడల కింద ఎంత ఎండలోనైనా చల్లగా ఉంటుంది. అక్కడి నుంచి పులివెందుల మీదుగా జమ్మలమడుగు, ఆపైన గండికోట. పెన్న ఎర్రరాతిని కోసుకుంటూ పారిన లోయ అంచున కోట, కోటలో మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం. మా పి లెంగ్ అంత లోతు ఇక్కడ లేదు, ఒప్పుకుంటాను. కానీ అక్కడ కొండను చూసి మాట రాక నిలబడ్డాం, ఇక్కడ పక్కన గొర్రెలు కాసే మనిషితో మన భాషలో మాట్లాడొచ్చు. నాకు అదే ఎక్కువ. బెలుం గుహలు ఇంకో సగం రోజు తీసుకుంటాయి. 1982, 83లో జర్మన్ బృందం లోపలికంటా వెళ్ళి పరిశోధించిన ఆ గుహల పొడవు 3,229 మీటర్లు. లోపల ఉక్కపోత ఎక్కువ, రైడింగ్ జాకెట్లు బయటే వదిలి వెళ్ళాలి. తర్వాత బనగానపల్లె, యాగంటి, ఓర్వకల్లు రాళ్ళు, కర్నూలు.

ఇదంతా కార్లో వెళ్ళి చూడొచ్చు కదా అంటారు. చూడొచ్చు. కానీ జాకెట్లు వేసుకుని, దుమ్ము కొట్టుకుని టీ కొట్టు ముందు ఆగితే, 'యాడికి పోతాండారు నాయనా ఇన్ని బండ్లేసుకొని? ఎండకి తలకాయ నొయ్యదా? కూసోండి, టీ తాగి పోదురు' అనే మాట వినపడుతుంది. అద్దాలెత్తుకుని ఏసీలో పోయేవాళ్ళని ఆ మాట ఎవరూ అడగరు. అమెరికాలో పుట్టి, ఇప్పుడు సొంతంగా బండి నడిపే వయసొచ్చిన మన పిల్లలకు సీమ పరాయి దేశమే. నానమ్మ ఇల్లు, పెళ్ళి మంటపం, ఎయిర్‌పోర్టు తప్ప వాళ్ళు చూసిందేమీ లేదు. వాళ్ళకు ఆ పిలుపు వినిపించాలి.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది మాత్రం పద్ధతి గురించి. విదేశాల్లో మనం ఎంత బుద్ధిగా నడుపుతామో నేను చూశాను. ముందు దారి తీసే ఒక లీడ్, చివర ఎవరూ తప్పిపోకుండా చూసే ఒక స్వీప్. మధ్యలో ఉన్నవాళ్ళు ఒకరు ఎడమకు, ఒకరు కుడికి, తమ వరసలో ముందున్న బండికి రెండు సెకన్ల దూరంలో. మలుపు వస్తే లీడ్ వెనకున్న బండి అక్కడే ఆగి, చివరి బండి కనిపించేదాకా దారి చూపిస్తుంది. అందరికన్నా నెమ్మదిగా నడిపేవాళ్ళ వేగమే బృందం వేగం. అదే మనుషులు సొంత ఊరికొస్తే హెల్మెట్ అద్దానికి తగిలించి, ముగ్గురు ఎక్కి సినిమాకు పోతారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో హెల్మెట్ పెట్టుకోక చనిపోయినవాళ్ళు 50,029 మంది, వాళ్ళలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. వెనక కూర్చున్నవాళ్ళు కూడా హెల్మెట్ పెట్టుకోవాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతూనే ఉంది. ఈ టూర్‌లో ఇద్దరికీ హెల్మెట్ లేనిదే బండి కదలకూడదు. జమ్మలమడుగు నుంచి గండికోట దాకా ఉన్న ఆ కాస్త దూరానికి కూడా.

సీమ రోడ్లకు వాటి సొంత లెక్కలున్నాయి. తాడిపత్రి, బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాళ్ళ లారీలు, సిమెంటు లారీలు తిరుగుతుంటాయి. రాళ్ళు కోసిన పిండి రోడ్డు మీద పడి, నాలుగు చినుకులు రాలితే టైరు జారుతుంది. పల్లెల దగ్గర జొన్న, కంది రోడ్డు మీదే ఆరబోస్తారు. అది వాళ్ళ కష్టార్జితం, పక్కనుంచి నెమ్మదిగా పోవాలి. గొర్రెల మంద అడ్డొస్తే హారన్ కొట్టకుండా ఇంజన్ ఆపి నిలబడాలి. రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్లు ఊరి మొదట్లో, ఊరి చివర తప్పకుండా ఉంటాయి. చీకటి పడ్డాక వెనక లైట్లు లేని ట్రాక్టర్లు. అందుకే రోజుకు 150, 200 కిలోమీటర్లకు మించకూడదు, సాయంత్రం ఐదున్నరకల్లా బస చేరాలి. అమెరికాలో ఒక్క పూటలో 300 మైళ్ళు కొట్టినవాళ్ళకు ఇది తక్కువ అనిపించవచ్చు. ఈ రోడ్ల మీద అదే ఎక్కువ. బండి కూడా 350 సీసీ చాలు.

బస గురించి ఒక్క కోరిక. గండికోటలో పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, ఒక రాత్రి అక్కడ ఉందాం. మిగతా రాత్రుల్లో సగమైనా పల్లెల్లో, డబ్బిచ్చి, ఇళ్ళలోనే ఉండాలి. ఓర్వకల్లు పొదుపు సంఘాల మహిళలు ఎంత సమర్థులో రాష్ట్రమంతా తెలుసు. అలాంటి సంఘాలతో ముందుగా మాట్లాడుకుంటే పొద్దున ఉగ్గాని, బజ్జీ, రాత్రికి రాగి సంగటి, నాటుకోడి పులుసు వండిపెట్టలేరా? చుట్టాల ఇంట్లో ఉచితంగా తిని రావడం వేరు, ఊరికి పని ఇచ్చి తినడం వేరు. హా జియాంగ్‌లో ఇంటావిడకు లెక్కగా డబ్బు ఇచ్చిన మనం, మన సీమలో ఇవ్వడానికి మొహమాటపడకూడదు.

ఇంకొకటి. ఈ టూర్‌లో హ్యాండిల్ పట్టేవాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉండాలి. నేను నడుపుతాను, మా ఆయన వెనక కూర్చుంటారు. అనంతపురంలో మా అత్తగారికి మొదట్లో టెన్షన్‌గానే ఉండేది, ఇప్పుడు వీధిలో వాళ్ళకి ఆవిడే గర్వంగా చెప్పుకుంటారు. ఆ ఊళ్ళలో స్కూటీ మీద కాలేజీకి పోయే అమ్మాయిలు, పెద్ద బండి మీద ఒక నడివయసు తెలుగావిడ వెళ్ళడం చూడాలని నాకు చాలా ఉంది.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి డిసెంబరు, జనవరి మాత్రమే మనకు కుదురుతాయి. పర్మిట్లు, రైడింగ్ కోర్సు వేసవిలోనే పూర్తి చేసుకోవాలి. బెంగళూరులో బండ్ల అద్దె సంగతి, పేపర్లు నేను చూస్తాను. జమ్మలమడుగు, బనగానపల్లె వైపు మనుషులు తెలిసినవాళ్ళు బసల పని తీసుకోండి. స్వీప్ బండి మాత్రం బాగా అనుభవం ఉన్నవాళ్ళకే ఇద్దాం.