రేలింగ్ పైపే. అయితే ఏంది?

నిన్న పొద్దుమూకి నల్లగొండ క్లాక్ టవర్ కాడ చాయ్ తాగుదామని బండి ఆపిన. ఇంజనీరింగ్‌ల నాతోని చదివినోడు కలిసిండు. హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేరు, ఏదో పెండ్లికి వచ్చిండట. "మామా, జర బానెట్ లేపురా" అన్నడు. లేపిన. ఇట్ల వంగి చూసిండో లేదో, "అరేయ్, ఇది మా ఇంటి మెట్ల రేలింగ్ కదరా!" అన్నడు. చాయ్ బండి కాడున్న నలుగురు గొల్లుమన్నరు. ఆ నలుగుర్ల ఇద్దరికి ఇంజన్ ఏ దిక్కున్నదో కూడ తెల్వదు. రాత్రంత నిద్ర పట్టలే.

అవును, నా కారు ఇంజన్‌కు బయటి గాలి తెచ్చే పైపు (ఇంటేక్ అంటరు) రేలింగ్ పైపే. రెండున్నర అంగుళాల స్టీలు, 16 గేజి. మెట్లకు, బాల్కనీలకు రేలింగులు చేసే అన్న దగ్గర మిగిలిన ముక్కలు, రెండు రెడీమేడ్ బెండ్లు, ఆర్గాన్ వెల్డింగు కూలి, అన్నీ కలిపి 1,400. ఇనుప పైపు ఎందుకు పెట్టలేదో ఆ నవ్వినోడు అడిగిండా? ఫిల్టర్ దాటినంక పైపుల ఏం రాలినా సీదా సిలిండర్‌లకే పోతది. ఇనుము తుప్పు పట్టి పొరలు లేస్తే పిస్టన్ గతి ఏంగాను? అందుకే స్టీలు. లోపలికి దిగిన వెల్డింగు మడ్డిని కూడ ఒక పూటంత కూసొని అరగదీసిన, గుడ్డ చుట్టిన కట్టెతోని మూడుసార్లు తుడిచిన. ఇవన్నీ చెప్పేలోపు వాడు సెల్ఫీ దిగి పోస్టు కూడ పెట్టేసిండు.

తెల్వనోళ్ల కోసం ఒక్క ముక్క. నాది శాన్ స్టార్మ్. గోవాల తయారైన రెండు సీట్ల ఫైబర్ బాడీ బండి. దాంట్ల వచ్చేది రెనో 1149 సీసీ ఇంజన్. దానికి స్పేర్లు గోవా పోయి వెతికినా లేవు, యాదగిరిగుట్టకు పోయి మొక్కినా లేవు. అందుకే మారుతి ఎస్టీమ్ 1298 సీసీ ఇంజన్ ఎక్కించిన. (ఆర్సీ సంగతి అడిగేటోళ్లకు: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, ఇంజన్ మార్చనీకి పర్మిషన్, ఎన్ని చెప్పులు అరిగినయో, అదంత వేరే పోస్టు.) ఇంజన్ కూసున్నది గాని ఎస్టీమ్ ఫిల్టర్ డబ్బా ఈ బానెట్ కింద పట్టదు, స్టార్మ్ పైపు ఎస్టీమ్ త్రాటిల్‌కు (ఇంజన్‌ల గాలి పోయే నోరు) అతకదు. ఈ జోడీకి ఇంటేక్ అమ్మే దుకాణమే లేదు. "మంచిది కొనుక్కోరాదురా" అంటడు, నేనేదో పిసినారినైనట్టు.

కొన్న కూడ, నాయనా! మొదట్ల హైదరాబాద్‌ల ఒకాయన ఎర్ర కోన్ ఫిల్టర్ తగిలించి 9,500 గుంజిండు. ఎగ్జాస్ట్ వేడి నేరుగ కొట్టే కాడ బిగించిండు. పొయ్యి మీద మొఖం పెట్టి ఊపిరి తీసుకోమన్నట్టు. సౌండు మాత్రం బొబ్బ. సౌండు వినంగనే మనోళ్లకు పవరు పెరిగినట్టే లెక్క, పెండ్లి బ్యాండు లెక్కన బండి ఉరకాల్నా ఏంది?

150 రూపాయల వైరు థర్మామీటరు ఫిల్టర్ కాడ కట్టి చూసిన. బయట 39 డిగ్రీలు, ఫిల్టర్ పీల్చేది 71. ఇప్పుడు నా రేలింగ్ పైపుతోని 46. వేడి గాలి పలచగ ఉంటది. 71 నుంచి 46కు దించితే అదే సిలిండర్‌ల సుమారు 8 శాతం ఎక్కువ గాలి పడుతది. ఆరు వేల ఆర్పీఎం కాడ ఈ ఇంజన్ నిమిషానికి 3,900 లీటర్ల దాక మింగుతది, అంటే 200 లీటర్ల డ్రమ్ము మూడు సెకన్లల ఖాళీ. అంత గాలిని పొయ్యి మీదికెళ్లి తెస్తవా, గ్రిల్లు ముంగట నుంచి తెస్తవా?

ఫిల్టర్ డబ్బా 15 కిలోల నూనె డబ్బా రేకుతోని మడిచిన. మూతకు పాత ఫ్రిజ్ డోర్ రబ్బరు. మా దిక్కు గ్రానైట్ దుమ్ము ఒకటి, మిర్యాలగూడ పోతే మిల్లుల ఊక బూడిద ఒకటి, సందు దొరికితే ఇంజన్ రింగులు గోవిందా. ఇంజన్ ఊగుతది గనుక నడుమ సూర్యాపేటల కొన్న లారీ రబ్బరు హోసు. అది 450, మామూలు పేపర్ ఫిల్టర్ 280, క్లిప్పులు 120. పైపు 1,400తోని కలిపి మొత్తం 2,250. డబ్బా లోపల పైపు మూతికి మాత్రం ఖర్చు లేదు. అంచు బయటికి తిరిగి ఉంటే గాలి సుడులు తిరగకుండ జారుతది. అసుంటి అంచు ఇంట్ల దేనికున్నది? స్టీలు చెంబుకు. అమ్మ ఇంకా వెతుకుతనే ఉన్నది, పనిమనిషి మీద అనుమానపడుతున్నది. నేనే అని చెప్పాలె, ధైర్యం చాలుతలేదు.

అసలు మంట పైపు గురించి కాదు. ఫస్టియర్ వర్క్‌షాప్‌ల టిన్ స్మితీ అని ఉండె. రేకు మడిచి గరాటు చేయాలె. నేను వేలు తెగ్గోసుకొని చేసిన. వీడు సీనియర్ గరాటుకు పెయింటేసి పెట్టిండు. మార్కులు వీనికి 24, నాకు 17. ఫైనలియర్‌ల అమీర్‌పేట పోయి ప్రాజెక్టు పొట్లం కట్టించుకొని వచ్చిండు, సోలార్‌ది. దాని వైరు యాడికి పోతదో వైవాల చెప్పలేకపోయినా "బెస్ట్ ప్రాజెక్ట్". నాన్న పాత లూనా ఇంజన్ విప్పి నేను చేసిన వాటర్ పంపు స్టార్టయింది, నీళ్లు పోసింది, ఎక్స్‌టర్నల్ సారు ప్యాంటు తడిసింది. "ఫినిషింగ్ లేదు" అన్నడు. ఆ రోజు కూడ వీడు ఇట్లనే నవ్విండు, అదే నవ్వు.

పొద్దున వాట్సాప్‌ల మెసేజ్: "మామా, ఆ రేలింగ్ అన్న నంబర్ పంపు. ఊర్ల ఇల్లు కడుతున్నం, బాల్కనీకి చేయించాలె. మంచిగ వెల్డింగ్ చేస్తడు కదా?"

చూసి పక్కకు పెట్టిన. రెండు నీలం టిక్కులు వాడు కూడ చూసుకోనీ.