ఎదుటివాడి దేవుడికి దాహం ఎక్కువ

ఒకప్పుడు మెక్సికోను ఏలిన ఆజ్టెక్‌ల నరబలి మీద తీర్పు చెప్పడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. ముక్కున వేలేసుకోవాలి, "ఛీ, అనాగరికులు" అనాలి, అంతే. ఐదు వందల ఏళ్లుగా సభ్య ప్రపంచం ఈ క్రతువును ఎంతో నిష్ఠగా జరుపుతోంది.

ఇందులో మొదటి మెట్టు అంకెలు. 1487లో వాళ్ల రాజధాని టెనోచ్‌టిట్లాన్‌లోని మహాలయాన్ని పెంచి కట్టి ప్రారంభించినప్పుడు, నాలుగు రోజుల్లో 80,400 మందిని బలిచ్చారని తర్వాతి రాతలు చెబుతున్నాయి. రాత్రీ పగలూ ఆపకుండా కోసినా నాలుగు సెకన్లకొకరు. మెట్లెక్కించి, రాతి మీద వెల్లకిలా పడుకోబెట్టి, చెకుముకి కత్తితో రొమ్ము చీల్చి, గుండె తీసి సూర్యుడికి చూపించి, శవాన్ని మెట్ల మీంచి దొర్లించడం, అన్నీ ఆ నాలుగు సెకన్లలోనే. ఏ దేవుడి క్యూలైనూ ఇంత చురుగ్గా కదిలినట్టు నేను వినలేదు.

అంకె అతిశయమని తేలగానే, అయితే బలులే అబద్ధమని పండగ చేసుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల దురదృష్టం, 2015లో మెక్సికో సిటీ కెథడ్రల్ వెనక తవ్వితే పుర్రెలతో కట్టిన గోపురం బయటపడింది. 2020కి లెక్క 600 దాటింది. అందులో ఆడవాళ్లవీ పిల్లలవీ కూడా ఉన్నాయి.

"సందర్భాన్ని అర్థం చేసుకోవాలి" అనే పండితులది మరో దారి. ఆజ్టెక్‌ల నమ్మకంలో దేవుళ్లు తమను తాము ఆహుతి చేసుకుంటేనే ఈ సూర్యుడు కదిలాడు, ఆ బాకీ మనుషులు తీర్చాలి. నిజమే, గంభీరమైన ఆలోచన. కాకపోతే ఈ సందర్భం అందరికంటే బాగా తెలిసినవాళ్లు పొరుగునున్న త్లాష్కలా జనం. వాళ్లవీ దాదాపు ఆ దేవుళ్లే, ఆ బలులే. అయినా ఏళ్ల తరబడి బందీలుగా ఆ మెట్లెక్కి విసిగిపోయి, స్పెయిన్ నుంచి దండెత్తిన కోర్టెస్ రాగానే మొదట పోరాడినా, తర్వాత వేల సంఖ్యలో అతని వెంట నడిచారు. రాతి మీద పడుకున్నవాడికి తాత్వికత వినే తీరిక ఉండదు కదా.

సరే, తీర్పరుల సంగతికొద్దాం. టోష్కాట్ల్ అనే ఆజ్టెక్ పండగకి లోపం లేని ఒక బందీని ఎంచి, ఏడాదిపాటు దేవుడిగా కొలిచేవారు. పిల్లనగ్రోవి నేర్పేవారు, పూలదండలు వేసేవారు, చివరి రోజుల్లో నలుగురు భార్యలు. ఆఖరి రోజు అతను ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఒక్కో పిల్లనగ్రోవినీ విరుచుకుంటూ పైకి వెళ్లేవాడు. ఘోరం! 1520లో అదే పండగలో నిరాయుధులు నాట్యం చేస్తుంటే, కోర్టెస్ అనుచరుడు అల్వరాడో మనుషులు ద్వారాలు మూసి నరికేశారు. అది మాత్రం బలి కాదండీ. తిరుగుబాటు రాబోతోందని అనుమానమొచ్చి తీసుకున్న ముందుజాగ్రత్త.

ఆ దండయాత్రలో నడిచిన బెర్నాల్ డియాజ్ తానే రాశాడు: నూనె లేక, చచ్చిన ఇండియన్ కొవ్వు తీసి గాయాలకు రాసుకున్నారట. ఎదుటివాడు తింటే నరభక్షణ, మనం పూసుకుంటే వైద్యం. 1539లో టెక్స్‌కోకో ప్రభువు డాన్ కార్లోస్‌ను మతద్రోహి అని మెక్సికోలోనే మంటల పాలు చేశారు. దేవుడి కోసం మనిషిని చంపడం పాపమని వాళ్లకి నేర్పిన గురువులే ఆ పని చేశారు.

ఇండియన్‌ల మీద దండెత్తడం న్యాయమా కాదా అని 1550లో స్పెయిన్‌లోని వల్లడొలిడ్‌లో మొదలైన చర్చలో లాస్ కాసాస్ అనే ఫాదరు ఒక్కడు మాత్రం, స్పెయిన్‌వాళ్లు పేరాశ అనే దేవతకి ఆజ్టెక్‌లకంటే ఎక్కువ బలిచ్చారని మొహం మీదే అనేశాడు. చాదస్తుడు.

మన వైపూ ఈ సున్నిత హృదయాలకు కొదవ లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం కొండల్లో కోదులనే గిరిజనులు మెరియా అనే నరబలి ఇస్తున్నారని తెలిసి కంపెనీ దొరల గుండె చెరువైంది. 1845లో దాన్ని మాన్పడానికి ప్రత్యేకంగా ఒక ఏజెన్సీయే పెట్టారు. మంచి పనే, కాదనను. అంతకు పన్నెండేళ్ల ముందు, అదే దొరల ఏలుబడిలో, నందన కరువుకి గుంటూరు సీమలో లక్షకు పైగా జనం డొక్కలెండి చచ్చారు. అక్కడ రాయి లేదు, కత్తి లేదు, పూజారి లేడు. అందుకని ఏజెన్సీ అవసరం పడలేదు.