లోగో బొట్టుబిళ్లంత చాలు

పోయినేడాది ఇక్కడ అమెరికాలో మా ఊరి తెలుగు సంఘం ఉగాది వేడుకలో ఒక స్పాన్సర్ గారు వచ్చినవాళ్లందరికీ తలా ఒక సంచి పంచారు. గాజులా మెరుస్తూ, లోపల ఏం పెడితే అది బయటికి కనిపించే సంచి. అందరం భలే సంబరపడ్డాం, ఎందుకంటే మా డాలస్ వైపు పెద్ద స్టేడియంలో ఆటకో పాటకో వెళ్లాలంటే ఆడవాళ్ల మామూలు హ్యాండ్‌బ్యాగు గేటు దాటదు, లోపలివి కనిపించే ప్లాస్టిక్ సంచినే పంపుతారు. ప్రతిసారీ ఆ ప్లాస్టిక్ సంచి ఎక్కడ పెట్టామా అని ఇల్లంతా వెతుక్కోవడమే పని.

సెప్టెంబరులో మా ఆవిడ ఆ సంచే పట్టుకుని పిల్లాడితో ఫుట్‌బాల్ ఆటకి వెళ్లింది. గేటు దగ్గర ఆపేశారు. కొలత సరిపోయింది, ప్లాస్టిక్కూ సరైనదే, కానీ ఒక పక్క మొత్తం స్పాన్సర్ గారి కోటు వేసుకున్న ఫొటో, ఫోన్ నంబరు, ఇంటి లోన్ గురించి నాలుగు ముక్కలు, వాటి కింద మా సంఘం లోగో. ఆయన కోటు వెనక ఏముందో సెక్యూరిటీ అమ్మాయికి కనపడలేదు, పంపనంది. మా ఆవిడ ఆ ఎండలో పార్కింగ్ దాకా వెనక్కి నడిచి, కార్లో పిల్లాడి బట్టలు కుక్కిన జిప్‌లాక్ కవర్ ఖాళీ చేసి, అందులో ఫోనూ తాళాలూ పడేసుకుని మళ్లీ వస్తే, ఆ కవర్‌ని ఏమీ అనకుండా వదిలేశారు. స్పాన్సర్ గారు డబ్బు పోసి చేయించిన సంచి డిక్కీలో, వంటింటి కవర్ స్టేడియంలో.

ఆ రాత్రి నుంచీ నాకు ఈ పారదర్శక బహుమతుల మీద గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. మన సంఘాలకి స్పాన్సర్ చేసే రియల్టర్లూ, ఇన్సూరెన్సువాళ్లూ, కిరాణా షాపులవాళ్లూ, రెస్టారెంట్లవాళ్లూ ఒక్కసారి చదవండి.

అసలు ఈ గొడవ ఎప్పుడు మొదలైందంటే 2013లో. బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలిన ఏడాదే ఇక్కడి ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ ఈ సంచి నియమం తెచ్చింది. 12 అంగుళాలు, 6 అంగుళాలు, 12 అంగుళాలు దాటని పారదర్శక సంచి, లేదంటే గాలన్ సైజు జిప్ కవర్. దాంతోపాటు అరచేతిలో పట్టే చిన్న పర్సు ఒకటి, 4.5 అంగుళాలకి 6.5. తర్వాత కచేరీ హాళ్లూ, కాలేజీ స్టేడియాలూ అదే దారి పట్టాయి. మా టెక్సస్‌లోనే ఉవాల్డే బడిలో కాల్పుల ఘోరం జరిగిన 2022లో డాలస్ స్కూల్ డిస్ట్రిక్టు 6వ తరగతి నుంచి 12 దాకా పిల్లలకి పారదర్శకమైన లేదా వల బ్యాగులే తేవాలంది. అంటే ఇది రేపో మాపో పోయే ఫ్యాషన్ కాదు, మనిషికి నిజంగా అవసరమైన వస్తువు. అందుకే ప్రచారానికి ఇంతకంటే మంచి బహుమతి లేదంటాను. అంత మంచి వస్తువుని మన పేరు మీది మమకారంతో మనమే పాడుచేసుకుంటున్నాం. చాలా స్టేడియాలు లోగోకి కూడా కొలత పెట్టాయి: ఒక పక్క మాత్రమే, ఎత్తు 4.5 అంగుళాలు, వెడల్పు 3.4. పేకముక్క కంటే కాస్త పెద్దది, అంతే. నన్నడిగితే అంత కూడా అక్కర్లేదు.

మన ఊళ్లో స్టీలు సామాన్ల షాపువాడు గిన్నె మీద పేరు చెక్కేవాడు గుర్తుందా? అంచు కింద చుక్కలు చుక్కలుగా చిన్న అక్షరాలు. మా అమ్మమ్మ గ్లాసు మీద పేరు ఇప్పటికీ చదవొచ్చు, ఆ గ్లాసు ఎవరిదని ఇంట్లో ఎవరూ అడగరు. ఇక్కడ కిరాణా షాపువాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చే తిథుల క్యాలెండరూ అంతే. అట్ట మీద షాపు పేరు ఓ మూల ఉంటుంది, కానీ ఏకాదశి ఎప్పుడో చూసుకోవడానికి ఏడాది పొడుగునా దాని ముందే నిలబడతాం. నలుగురూ రోజూ వాడితే పేరు దానంతటదే తెలుస్తుంది.

అచ్చు వేయించేటప్పుడు ఇంకో సంగతి, ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. పారదర్శక ప్లాస్టిక్ మీద రంగు నేరుగా వేస్తే లోపలి వస్తువుల రంగుతో కలిసి వెలవెలబోతుంది. ఎర్ర లోగో వెనక నల్ల స్వెటర్ ఉంటే లోగో కనపడదు. కింద తెల్ల పూత వేసి దాని మీద రంగు వేయమని అడగాలి, అదో రంగు కింద లెక్కేసి డబ్బు ఎక్కువ తీసుకుంటారు, ఇవ్వండి. తెలుగు అక్షరాలైతే మరీ జాగ్రత్త. చిన్న సైజులో వేస్తే ఒత్తులు పూడుకుపోతాయి, సున్నా చుక్కయిపోతుంది. అంతకంటే ముందు ఇక్కడి డిజైనరు కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేకపోతే ఒత్తులు ఊడి పక్కన కూర్చుంటాయి. ఒకసారి మా 'సంస్కృతి' అక్షరాలు విడిపోయి నాలుగు ముక్కలుగా వచ్చింది, అవతలాయనకి తెలుగు రాదు కాబట్టి అందంగానే ఉందనుకున్నాడు పాపం. అక్షరాలని బొమ్మగా మార్చి పంపండి, నమూనా చేతికి వచ్చి మీరు కళ్లతో చూశాకే ఓకే చెప్పండి.

ఇక ఆడవాళ్ల మాట. సంచి కొనే కమిటీల్లో ఎక్కువగా మగవాళ్లే ఉంటాం, అందుకే ఇది ఎవరికీ తట్టదు. మందులూ, ప్యాడ్లూ, పాలిచ్చే తల్లి సామాన్లూ అన్నీ నలుగురికీ కనపడేలా భుజాన వేసుకుని తిరగమంటే ఎవరికి ఇష్టం? పైన చెప్పిన చిన్న పర్సుకి అనుమతి ఉంది కదా, ఆ కొలతకి తగ్గట్టు ఒక గుడ్డ పర్సు సంచితో కలిపి ఇవ్వండి. మా ఆవిడ ఈ మాట అనేదాకా నాకూ తోచలేదు, ఒప్పుకుంటున్నాను.

పీవీసీ అనే ప్లాస్టిక్ సంచులు చవక, కానీ కొత్తలో వాసన, చలికి బిరుసెక్కి మడత దగ్గర పగులుతాయి. టీపీయూ అని మెత్తటి రకం ఉంది, ఖరీదెక్కువ, కానీ కంపు కొట్టదు, చలికాలం కూడా వంగుతుంది. షికాగో, మినియాపోలిస్ వైపు సంఘాలవాళ్లు అదే తీసుకోండి.

పారదర్శక మగ్గులు, పెన్నులు, అక్రిలిక్ మెమెంటోలు అంటారా, వద్దు. మెమెంటోలు మా ఇంట్లో బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఎన్నున్నాయో లెక్క లేదు. గొడుగు పరవాలేదు. విమానంలో చేతిసంచికి పనికొచ్చే క్వార్ట్ సైజు, అంటే దాదాపు లీటరు పట్టే జిప్ పౌచ్ మాత్రం బంగారం, ఏటా వేసవికి హైదరాబాదు వెళ్లని కుటుంబాలు తక్కువ, షాంపూ లాంటి ద్రవాలవి 3.4 ఔన్సులు దాటని సీసాలన్నీ అందులోనే పెట్టాలి. ఆవకాయ దాంట్లో పట్టదు, ఆ ప్రయత్నం చేయకండి, మా బావగారు చేశారు.

మొన్న అదే స్పాన్సర్ గారు ఫోన్ చేసి, "అన్నా, దసరాకి మళ్లీ సంచులే వేయిద్దామనుకుంటున్నా, ఈసారి ఎలా ఉండాలంటారు?" అనడిగారు. గేటు సంగతి చెప్పాను. నొచ్చుకున్నారు, కానీ విన్నారు. చిన్న లోగోకి సరేనన్నారు, టీపీయూకి సరేనన్నారు, ఫొటో మాత్రం ఎక్కడో ఒకచోట ఉండాల్సిందే అన్నారు. గుడ్డ పర్సు లోపలి వైపు కుట్టించుకోండి, జిప్పు తీసినప్పుడల్లా మీరే కనిపిస్తారన్నాను. ఆలోచించి చెప్తానన్నారు.