మహారాజశ్రీ కార్పెట్ గడ్డి గారికి

అయ్యా,

హైదరాబాదులో 200 గజాల్లో ఇల్లు కట్టే ప్రతివాడి ఎలివేషన్ బొమ్మలోనూ తమరే ఉంటారు. ఆ బొమ్మలో ఏప్రిల్ నెల ఉండదు, పక్కవాళ్ల మూడంతస్తుల నీడా ఉండదు. తమరి పచ్చదనం రహస్యం గృహప్రవేశం అయ్యాక గానీ బోధపడదు.

రోజుకు ఐదారు గంటలు నేరుగా ఎండ తగలాలని తమరి షరతు. కాంట్రాక్టరు మాత్రం తమరిని తెచ్చి మామిడిచెట్టు కింద పరిచాడు. ఎర్రమట్టితో సహా ముక్కలు పేర్చి, రోలర్ దొర్లించి, డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లాడు. వానాకాలం దాటేసరికి ఎండ తగిలే అంచున తమరు, చెట్టు మొదట్లో మట్టి.

బోరు గాలి ఊదే రోజుల్లో ఇంట్లోవాళ్లకు స్నానానికి ఒక్క బకెట్. తమరికి ట్యాంకర్ నీళ్లు. కొత్తల్లుడికి కూడా మా ఇంట్లో ఇంత మర్యాద జరగలేదు.

ఇంత చేసినా తమరి మధ్యలోంచి తుంగ లేచింది. పీకితే మూడంచుల కాడ చేతికొస్తుంది, దుంప మట్టిలోనే నవ్వుకుంటుంది. వారం తిరక్కుండా మళ్లీ హాజరు. పాపం గరికను మాత్రం కలుపని పీకించేశాం. అడక్కుండా బతికే ఆ గరికనే వినాయకచవితికి బజార్లో కట్ట కొని, దూర్వాయుగ్మం అని పూజ చేశాం. బెర్ముడా గ్రాస్ అని పేరు మార్చుకుని గోల్ఫ్ కోర్సుల్లో దర్జాగా పడుకునేదీ ఆ జాతే!

కాబట్టి కొత్త ఏర్పాట్లు. గేటు పక్క ఎండలో గడ్డిగులాబీ. నీళ్లు పెద్దగా అడగదు, పొద్దెక్కితే విచ్చుకుంటుంది, సాయంత్రంలోపు దుకాణం కట్టేస్తుంది. మామిడి నీడలో స్పైడర్ ప్లాంటు, రియో. కుళాయి దగ్గర తడికి సరస్వతి ఆకు. నడిచే చోట తాండూరు బండలు, సందుల్లో గరిక. నర్సరీ అతను వెడేలియా అనే నేలపాకే పూలమొక్క పట్టుకెళ్లమన్నాడు, ఇట్టే కమ్మేస్తుందట. అలా కమ్మేసే అది ప్రపంచంలోని 100 అతి చెడ్డ దురాక్రమణ జాతుల జాబితాకెక్కింది. ఒక జమీందారును సాగనంపుతూ ఇంకొకరికి పల్లకీ పంపలేం.

తొలకరికి నాట్లు. ఈలోగా మామిడి కింది జాగా ఖాళీ చేయగలరు. ఎండ తగిలే రెండు గజాల్లో తమరు నిరభ్యంతరంగా ఉండొచ్చు, ట్యాంకర్ బిల్లు తమరే కట్టుకుంటే.

ఇట్లు,
తమరి నీళ్ల గుమాస్తా