ఆన్సర్ ఒక్కటే కాదు, ఎలా పట్టుకున్నారో కూడా రాయండి

ఫోటో పెట్టి ఊరు కనుక్కోమనే ఆట గురించి ఈ గొడవ. ఫోటోలో సముద్రం, ఎర్రబడ్డ ఆకాశం, ఓ మూలన సగం తెగిన కొమ్మ. కింద 'ఇది ఎక్కడో చెప్పుకోండి చూద్దాం' అని సవాలు. క్లూ అడిగితే 'చాలా అందమైన ప్రదేశం' అంటారు. ఇంకాస్త బతిమాలితే 'టూరిస్టులు బాగా వస్తారు' అంటారు. ఏమండీ, తీరం ఉన్న ఏ దేశంలో ఇలాంటి సాయంత్రాలు లేవు? దీన్ని పజిల్ అనరు, లాటరీ అంటారు.

ఇది అడిగేవాళ్ళ సంగతి. చెప్పేవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. ఎవరో పాపం మంచి ఫోటో ఏరి, క్లూలు ఆలోచించి పెడతారు. అర నిమిషం గడవకముందే ఓ మహానుభావుడు వచ్చి 'హాల్‌స్టాట్, ఆస్ట్రియా' అని రాసి వెళ్ళిపోతాడు. ఎలా తెలిసిందంటే జవాబుండదు. ఎలా తెలుస్తుంది, ఫోటో మీద వేలు పెట్టి నొక్కాడు, ఫోటోలో ఉన్నదేమిటో వెతికిపెట్టే గూగుల్ లెన్స్ చెప్పింది, ఇతను దించాడు. ఆ తర్వాత వరసగా పదిమంది 'నేనూ అదే అనుకున్నా' బ్యాచ్. పొడుపుకథ సగంలో ఉండగానే ఎవడో పక్కనుంచి విప్పు చెప్పేసినట్టు, ఆట అక్కడితో సరి.

నా గొడవ లెన్స్ మీద కాదు. బొమ్మతో వెతకడం గూగుల్లో 2011 నుంచీ ఉంది, లెన్స్ 2017లో వచ్చింది, రెండూ పనికొచ్చేవే. దారిలో కనబడ్డ మొక్క పేరు కావాలంటే నేనూ లెన్సే తీస్తాను. కానీ ఆడదామని కూర్చున్న చోట ఆడకుండా స్కోరు చెప్పడం ఏం సరదా? ఈ ఆటలో ఊరి పేరు ఆఖరున రావాల్సిన ముక్క. అసలు మజా అంతా దానికి ముందు ఉంది.

ఓ ఉదాహరణ చెప్తాను. ఫోటోలో చెట్లు లేని పచ్చటి కొండలు, మట్టి బాట, గుర్రం మీద ఒక మనిషి. భుజాల మీంచి మోకాళ్ళ దాకా మందపాటి ఉన్ని దుప్పటి, దాని మీద పెద్ద పెద్ద డిజైన్లు. పక్కన ఇంకొకాయన తల మీద గడ్డితో అల్లిన శంకువు లాంటి టోపీ. క్లూ ఒక్కటే: 'ఈ దేశం మొత్తం ఇంకో దేశం కడుపులో ఉంది.' అలాంటి దేశాలు ప్రపంచంలో మూడే, వాటికన్, శాన్ మారినో, లెసోతో. వాటికన్‌లో కొండబాటలు లేవు, కొట్టేయండి. శాన్ మారినో కొండల్లోనే ఉంది కానీ అక్కడ ఇలా దుప్పటి కప్పుకుని గుర్రం మీద తిరిగేవాళ్ళు లేరు. మిగిలింది దక్షిణాఫ్రికా మధ్యలో ఉన్న లెసోతో. ఆఫ్రికాలో ఇంత దుప్పటి ఎందుకని అడుగుతారేమో. ఆ దేశంలో అన్నిటికన్నా పల్లపు చోటే సముద్రమట్టానికి దాదాపు 1,400 మీటర్ల ఎత్తున ఉంటుంది, పై కొండల్లో చలికాలం మంచు పడుతుంది. ఆ గడ్డి టోపీ వాళ్ళ జాతీయ జెండా మీదే ఉంది. చూశారా, క్లూ మూడు తలుపులు చూపించింది, ఏ తలుపు తీయాలో ఫోటో చెప్పింది. క్లూ ఒక్కటే ఉన్నా చాలదు, ఫోటో ఒక్కటే ఉన్నా కష్టం. ప్రశ్న పెట్టడమంటే అదీ. అదే ఫోటో మీద 'లెసోతో' అని ఒక్క మాట రాసి పోతే ఈ దుప్పటి, చలి, టోపీ అన్నీ గాలికి పోయినట్టే కదా.

'మాకంత తెలివి ఎక్కడిది' అనకండి. చూసే అలవాటు ఉంటే చాలు. బండ్లు రోడ్డుకి ఏ పక్కన పోతున్నాయో చూడండి, అక్కడే సగం ప్రపంచం పక్కకి పోతుంది. అందులోనూ తిరకాసులు ఉన్నాయి, అవి ఇంకా రుచి. పాత నలుపు తెలుపు ఫోటోలో స్వీడన్ వీధి, కార్లన్నీ ఎడమ పక్కన. తప్పేమీ లేదు. 1967 సెప్టెంబర్ 3న దేశమంతా ఒక్కరోజులో ఎడమ నుంచి కుడికి మారింది, కాబట్టి ఆ ఫోటో అంతకుముందుది. ఊరుతో పాటు కాలం కూడా దొరికిందన్నమాట. సమోవా దీనికి తలకిందులు, 2009లో కుడి నుంచి ఎడమకి మారింది. అమెరికా జెండా ఎగురుతోంది, బండ్లు మాత్రం ఎడమ పక్కన పోతున్నాయి అంటే అది యూఎస్ వర్జిన్ ఐలాండ్స్.

ఎర్రటి స్టాప్ బోర్డు కనబడితే అందరూ అది ఎలాగూ ఉండేదేగా అని దాటేస్తారు. దాటకండి. స్పెయిన్‌లో దాని మీద 'స్టాప్' అనే రాసి ఉంటుంది. అదే స్పానిష్ మాట్లాడే మెక్సికోలో 'ఆల్టో' అని ఉంటుంది, అర్జెంటీనాకి వస్తే 'పారే'. టర్కీలో 'దుర్'. ఫ్రాన్స్ బోర్డు మీదా ఇంగ్లీషు మాటే ఉంటుంది కానీ, కెనడాలోని క్యూబెక్‌లో మాత్రం పట్టుబట్టి ఫ్రెంచిలో 'ఆరె' అని రాస్తారు. జపాన్ వాళ్ళకైతే ఎనిమిది మూలల బోర్డే లేదు, తలకిందుల ఎర్ర త్రికోణం. ఒక్క బోర్డులో ఇంత ఉంది, మనం చూసేదేమో వెనక ఉన్న కోట!

అక్షరాల దగ్గరా అంతే. రష్యన్ భాష రాసే సిరిలిక్ లిపి కనబడగానే రష్యా అనేస్తారు. బల్గేరియా ఏమైపోయింది? సెర్బియా, ఉక్రెయిన్, మంగోలియా? ఇంగ్లీషు చిన్న ఐ లాంటి అక్షరం మీద ఒక చుక్క బదులు రెండు చుక్కలు ఉంటే ఉక్రెయిన్ అని గట్టిగా చెప్పొచ్చు, ఆ అక్షరం రష్యన్‌లో లేదు. ఇంగ్లీషు 'ఓ' (O) అక్షరానికి అడ్డంగా గీత ఉంటే డెన్మార్క్ గానీ నార్వే గానీ. గీత పోయి రెండు చుక్కలు వస్తే స్వీడన్ వైపు వెళ్ళాలి, అయితే జర్మనీ, టర్కీ లాంటివాళ్ళూ అదే రాస్తారు, ఇంకో ఆధారం వెతుక్కోవాలి. ఎల్ అక్షరాన్ని గీత కోసుకుపోతే ముందు పోలండ్‌ని అనుమానించండి. ఆ భాషలు రావాల్సిన పని లేదు, అక్షరం ఆకారం గుర్తుంటే చాలు.

నాకు మహా ఇష్టమైన ఆధారం డాబాల మీద డిష్ యాంటెన్నాలు. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకి సరిగ్గా పైన, దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. అందుకని యూరప్‌లో డిష్‌లన్నీ దక్షిణం వైపు చూస్తాయి, దక్షిణాఫ్రికాలో ఉత్తరం వైపు. నార్వే ఉత్తరాన అవి దాదాపు దిగంతాన్నే చూస్తూ నిలబడతాయి. భూమధ్యరేఖ దగ్గర సింగపూర్‌లాంటి చోట్ల బాగా పైకి తలెత్తి ఉంటాయి. ఊరి పేరు రాయని ఫోటోలో దిక్కూ, అక్షాంశమూ రెండూ ఇచ్చే రేకు పళ్ళెం! నీడలతో కూడా దిక్కు పట్టొచ్చు గానీ ఫోటో ఎన్ని గంటలకి తీశారో తెలియాలి.

చెట్లని మాత్రం మరీ నమ్మకండి. యూకలిప్టస్ పుట్టిల్లు ఆస్ట్రేలియా, కానీ పోర్చుగల్, ఇథియోపియా, కాలిఫోర్నియా ఎక్కడ చూసినా అదే. ఊదా పూల జకరాండాలతో వీధులన్నీ నిండిపోయే ప్రిటోరియా ఉన్నది దక్షిణాఫ్రికాలో, ఆ చెట్టు వచ్చింది దక్షిణ అమెరికా నుంచి. బావొబాబ్ కనబడగానే మడగాస్కర్ అని రాసేవాళ్ళూ కాస్త ఆగాలి. అది ఆఫ్రికా ఖండం మీదా ఉంది, ఒక రకం ఆస్ట్రేలియాలోనూ ఉంది. మాను స్తంభంలా నున్నగా పైకి పోయి, చివర చిన్న గుబురు మాత్రమే ఉంటే అప్పుడు మడగాస్కర్ అనండి, ఒప్పుకుంటాను.

ఇక లెన్స్ వీరులు బోల్తా పడే చోటుకి వద్దాం. పైన చెప్పిన హాల్‌స్టాట్‌కి చైనాలో కవల ఉంది. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఆ ఊరిని చూసి చర్చితో సహా కట్టేసి 2012లో తెరిచారు. అసలు ఊరు సరస్సుకీ నిటారు కొండలకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది, కాబట్టి ఇళ్ళని వదిలేసి వాటి వెనకాల చూడాలి. తెల్లగోడ, నీలం తలుపు కనబడితే చాలు గ్రీసు దీవి సాంటొరిని అంటారు. ట్యునీషియాలో సిది బూ సయీద్ అనే ఊరుంది, అక్కడా తెల్లగోడలూ నీలం తలుపులే. ఆ తలుపులకి నల్ల మేకులతో ముగ్గులా డిజైన్ వేసి ఉంటుంది, కిటికీలకి నీలం జాలీ ఉంటుంది. తలుపు దగ్గరకి జూమ్ చేస్తే ఎవరికైనా కనబడుతుంది. జూమ్ చేసే ఓపికే లేదు జనానికి.

లండన్ బ్రిడ్జి ఇంకా పెద్ద కథ. థేమ్స్ మీద 1831లో తెరిచిన రాతి వంతెనని 1968లో ఒక అమెరికన్ వ్యాపారి కొనేశాడు. రాళ్ళకి నంబర్లు వేసి ఓడల్లో అమెరికాకి చేర్చి, అక్కడి నుంచి ఆరిజోనా రాష్ట్రానికి తరలించారు. 1971లో లేక్ హవాసు సిటీలో మళ్ళీ తెరిచారు. ఎడారి ఎండలో లండన్ వంతెన! ఆ ఫోటో పెట్టి 'ఈ వంతెన ఒకప్పుడు ఇంకో ఖండంలో ఉండేది' అని క్లూ ఇస్తే ఎంత బాగుంటుంది. పెట్టరు. ఈఫిల్ టవర్ పెట్టి ఎక్కడో చెప్పమంటారు.

'ఈ కాలంలో దీనికింత చర్చ ఎందుకు, ఏఐ క్షణంలో చెప్పేస్తుంది' అని ఓ వర్గం. చెప్తుంది, కాదన్నదెవరు? స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు 2023లో పిజియన్ అనే మోడల్ తయారుచేస్తే అది గూగుల్ వీధి ఫోటోలు చూసి చోటు కనుక్కునే ఆన్‌లైన్ ఆట జియోగెస్సర్‌లో పేరుమోసిన ఆటగాడు ట్రెవర్ రెయిన్‌బోల్ట్‌నే ఓడించింది. అయితే ఏమిటి? చెస్‌లో కంప్యూటర్ మనిషిని మించి ఎన్నేళ్ళయింది, జనం ఆడటం మానేశారా? ఆ జియోగెస్సర్ గురించి కూడా ఒక మాట. 2013లో స్వీడన్‌లో పుట్టిన ఆట, నాకిష్టమే. కానీ అందులో పెద్ద ఆటగాళ్ళు కొన్నిసార్లు ఊరిని వదిలేసి ఆ ఫోటోలు తీసిన గూగుల్ కారుని చూస్తారు. కారు పైన నల్ల టేపు చుట్టిన కడ్డీ కనబడితే ఘనా, పక్కన పొగగొట్టం లాంటి స్నార్కెల్ కనబడితే కెన్యా. గెలవడానికి పనికొస్తుంది, ఒప్పుకుంటా. ఘనా గురించి ఏం తెలిసింది మరి? టేపు ఉందని తెలిసింది!

క్లూలు రాసేవాళ్ళకి నా విన్నపం. 'ఒక గొప్ప రాజు ఏలిన నగరం', 'నది ఒడ్డున ఉంది' లాంటివి దయచేసి ఆపండి. పెద్ద నగరాల్లో సగం నది ఒడ్డునే ఉన్నాయి. మరోవైపు 'రెండు ఖండాల మీద ఉన్న నగరం' అంటే ఇక ఫోటో ఎందుకు, ఇస్తాంబుల్ అని మీరే రాసేయండి. మంచి క్లూ వెంటనే జవాబు ఇవ్వదు, కానీ జవాబు దొరికాక 'అవును, ఇదే' అనిపిస్తుంది. 'ఇక్కడ విమానాశ్రయం రన్‌వే మీంచి జనం నడిచి దాటుతారు' అని ఇచ్చి, దూరంగా నిలబడ్డ సున్నపురాయి కొండని మాత్రం ఫోటోలో చూపించండి. స్పెయిన్ దక్షిణ కొసన ఉన్న జిబ్రాల్టర్ దొరికినవాడు ఆరోజంతా హుషారుగా తిరుగుతాడు. అన్నట్టు, ఫోటోని అద్దంలోలా తిప్పి పెట్టడం తెలివి కాదు. అది మోసం.

ఇంకొకటి, ఇది సరదా కాదు. తెలియని అమ్మాయి బాల్కనీ సెల్ఫీ తెచ్చి 'ఏ హోటలో పట్టుకోండి' అనే పోస్టులు ఈమధ్య ఎక్కువయ్యాయి. అక్కడ ఆడకండి. ఆడేవాళ్ళని మెచ్చుకోకండి కూడా. కిటికీలోంచి కనబడే గుడి గోపురమో, ఎదురింటి బోర్డో చాలు ఒక మనిషి ఇల్లు కనుక్కోవడానికి. ఇదే నైపుణ్యం మంచికి వాడాలంటే దారి ఉంది. పిల్లల మీద అఘాయిత్యాల కేసుల్లో ఫోటోల వెనకాల కనబడే బ్యాగు, బట్ట, సీసా లాంటి వస్తువులని మాత్రం కత్తిరించి, ఇది ఎక్కడిదో గుర్తుపట్టండని యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్ 2017 నుంచి జనాన్ని అడుగుతోంది. అంత చూపు ఉన్నవాళ్ళు అక్కడ చూపించండి.

సరే, తిట్టడం అయింది కాబట్టి నేనే ఒకటి పెడతాను. ఫోటో లేదు, లెన్స్‌కి ఈరోజు సెలవు. ఓడరేవు గట్టు మీద వరసగా పసుపు, గులాబీ, నీలం, ఆకుపచ్చ మేడలు. ముందు గోడలు ఆమ్‌స్టర్‌డామ్‌లోలా పైకి సన్నబడుతూ వంపులు తిరిగి ఉన్నాయి, కానీ ఎండ మాత్రం మాడు పగలగొట్టేది. ఊరి బయట చెట్లన్నీ ఒకే దిక్కుకి ఒంగిపోయి ఉన్నాయి. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పడవల మీద తేలే నడక వంతెన ఉంది, ఓడ వచ్చినప్పుడల్లా అది మొత్తంగా పక్కకి జరుగుతుంది. ఒకప్పుడు ఇళ్ళన్నీ తెల్లగా ఉండేవని, ఆ మెరుపుకి తలనొప్పి వస్తోందని గవర్నరుగారు రంగులు వేయించారని అక్కడ చెప్పుకుంటారు. కోపెన్‌హాగన్ అని రాసేవాళ్ళు ఎండ సంగతి ముందు చెప్పాలి. మిగతావాళ్ళు ఏ ముక్క పట్టుకుని ఎటు వెళ్ళారో రాయండి. ఉత్త ఊరి పేరు రాస్తే లైక్ కూడా కొట్టను.