ఆట తేల్చాలి, పేరు కాదు

2023లో 12 మ్యాచ్‌లు ఆడి తొమ్మిది ఓడిన జట్టు ఇండియానా యూనివర్సిటీది. అదే జట్టు 2025 సీజన్‌లో ఆడిన 16 మ్యాచ్‌లూ గెలిచింది. 2026 జనవరి 19న ఫైనల్లో మయామీని 27-21తో ఓడించి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్) చాంపియన్ అయింది. హెడ్ కోచ్ కర్ట్ సిగ్నెటీకి అక్కడ ఇది రెండో సీజనే. మన పిల్లలు వేలల్లో చదువుతున్న అమెరికా యూనివర్సిటీల్లో, ఆట ఉన్న శనివారం ఊరంతా స్టేడియంలోనే ఉంటుంది. ఇండియానా యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్‌లో మాత్రం ఇన్నాళ్లూ బాస్కెట్‌బాల్‌కే ఆ వైభవం. ఒక సీజన్‌లో పది విజయాలన్నవి 2024 దాకా ఈ ఫుట్‌బాల్ జట్టు ఎరగనే ఎరగదు.

సిగ్నెటీ జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి వస్తూ అక్కడి తన ఆటగాళ్లను డజనుకు పైగా వెంట తెచ్చుకున్నారు. హైస్కూల్ రోజుల స్టార్ రేటింగుల జోలికి పోకుండా, కాలేజీ మైదానంలో ఆడి చూపించినవాళ్లనే ఎంచుకున్నారు. జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా మయామీలో పెరిగాడు. అక్కడి యూనివర్సిటీ అతన్ని పట్టించుకోలేదు. కాలిఫోర్నియాలో ఆడి, ఇండియానాకు వచ్చి, ఏటా కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. ఫైనల్ చివరి క్వార్టర్‌లో ఆధిక్యం మూడు పాయింట్లే. నాలుగో డౌన్, అంటే బంతిని ముందుకు తీసుకెళ్లడానికి చివరి ప్రయత్నం. బంతిని స్తంభాల మధ్యగా తన్నించి, అంటే ఫీల్డ్ గోల్ కొట్టించి, మూడు పాయింట్లు తీసుకోవచ్చు. సిగ్నెటీ టైమౌట్ తీసుకుని మనసు మార్చుకున్నారు. మెండోజా బంతి పట్టుకుని 12 గజాలు దూసుకెళ్లి, డిఫెండర్లను ఢీకొంటూ గీత దాటి పడ్డాడు. టచ్‌డౌన్, ఆరు పాయింట్లు!

ఇదంతా డబ్బు మహిమ అనేవాళ్లున్నారు. డబ్బు ఖర్చయిన మాట నిజమే. కానీ కోట్ల డాలర్లు పోసినా, చాంపియన్‌ను తేల్చే నాకౌట్ టోర్నీ అయిన ప్లేఆఫ్ గడప తొక్కని పెద్ద జట్లు కూడా ఈ సీజన్‌లోనే ఉన్నాయి.

మేము గట్టిగా చెప్పదలచుకున్నది వేరే ఉంది. 2024లో ఈ జట్టు 11 గెలిచి ప్లేఆఫ్‌కు వెళ్లి, తొలి రౌండ్‌లోనే నోటర్ డామ్ చేతిలో 27-17తో ఓడింది. అర్హత లేని జట్టుకు చోటిచ్చారని అప్పుడు ఎందరో దుమ్మెత్తిపోశారు. నాలుగు జట్లకే చోటుండే పాత పద్ధతిలో ఆ ఏడాది ఇండియానాకు పిలుపే వచ్చేది కాదు. 12 జట్లకు పెంచారు కాబట్టే ఆ అనుభవం దక్కింది.

ఇప్పుడు ప్లేఆఫ్‌ను ఇంకా పెంచాలనే చర్చ నడుస్తోంది. పెంచితే మంచిదే. అయితే ఇండియానా సభ్యురాలైన బిగ్ టెన్ కాన్ఫరెన్సే (యూనివర్సిటీ జట్ల కూటమి), తనకూ మరో పెద్ద కూటమి ఎస్‌ఈసీకీ నాలుగేసి సీట్లు ముందే రాసిచ్చేయాలన్న ప్రతిపాదనను ముందుకు తోసింది. దీన్ని మేము వ్యతిరేకిస్తున్నాం. పేరు చూసి సీట్లు పంచితే మ్యాచ్‌లు ఆడడం ఎందుకు? సిగ్నెటీ వదిలి వచ్చిన జేమ్స్ మాడిసన్ కూడా ఈసారి ప్లేఆఫ్ ఆడింది. ఒరెగాన్ చేతిలో 51-34తో ఓడింది, కానీ ఆ చోటు గెలుచుకుని తెచ్చుకున్నది. అలాంటి జట్ల దారి మూసే ప్రతిపాదన మళ్లీ బల్ల మీదికి వస్తే, బిగ్ టెన్ సమావేశంలో మొదట లేచి వద్దనాల్సింది ఇండియానాయే.