గుడ్డి మామ ఎంతవరకు నయం?

మార్కెట్ స్వేచ్ఛ అంటూ తిరిగే నాలాంటివాళ్లను ఇరికించాలంటే ఒక్క ప్రశ్న చాలు: "నాఫ్టాకి (అమెరికా, కెనడా, మెక్సికోల వాణిజ్య ఒప్పందం) జై అంటావా, అనవా?" అంటే కార్పొరేట్ల తొత్తు. అనకపోతే సుంకాల గోడలు కట్టేవాళ్ల పక్కన కూర్చున్నట్టు. 1993లో అమెరికాలో ముర్రే రోత్‌బార్డ్ లాంటి పచ్చి స్వేచ్ఛావాదే దాన్ని వ్యతిరేకించాడు. అసలైన స్వేచ్ఛా వాణిజ్యానికి ఒప్పందంతో పనేంటన్నాడు.

నిజమే కదా! సుంకం ఎత్తేయడానికి ఒక్క వాక్యం చాలు. వెయ్యి పేజీలు దాటిందంటే అందులో ఉన్నది షరతులే.

ఒక చొక్కా తీసుకోండి. మెక్సికోలో కుట్టింది సుంకం లేకుండా అమెరికా చేరాలంటే కుట్టడం ఒక్కటే సరిపోదు. నాఫ్టా ప్రకారం మామూలుగా నూలు దగ్గర్నుంచి అంతా ఆ మూడు దేశాల్లోనే తయారవ్వాలి. బయటి నుంచి చవక గుడ్డ తెచ్చి కుట్టారో, సుంకం పడ్డట్టే. దర్జీకి తలుపు తీసి, గుడ్డ అమ్మేవాడి మొహం మీద వేశారన్నమాట. లాభపడింది అమెరికా నూలు మిల్లులు.

అయినా నేనైతే దానికి ఓటేసేవాణ్ణే. లేని మామ కంటే గుడ్డి మామ నయం. ముందున్న సుంకాలు చాలావరకు పోయాయి, అది చిన్న విషయం కాదు. దిగుమతి ధాన్యంపై సుంకం వేసే బ్రిటన్ ధాన్యం చట్టాల మీద పోరాడి 1846లో రద్దు చేయించిన బ్రిటిష్ నేత కాబ్డెన్ కూడా 1860లో ఫ్రాన్స్‌తో ఒప్పందం కుదిర్చాడుగా! కాకపోతే బ్రిటన్ తను తగ్గించిన సుంకాలను ఫ్రాన్స్ ఒక్కదానికే కాదు, అందరికీ తగ్గించింది. నేను చూసేది అదే: కొత్తగా ఎవరికి తలుపు తెరుచుకుంది, ఎవరికి మూసుకుంది?

2020లో నాఫ్టా స్థానంలో వచ్చిన ఒప్పందం ఇక్కడే తేలిపోయింది. కారులో 62.5 శాతం ఆ మూడు దేశాలదైతే సరిపోయేది, దాన్ని 75 చేశారు. పైగా 40 శాతం విలువ గంటకు సగటున కనీసం 16 డాలర్ల జీతం ఇచ్చేచోట తయారవ్వాలట. వాణిజ్య ఒప్పందంలో జీతాల పట్టీ! దీన్నీ గుడ్డి మామ లెక్కలో వేయమంటే నా వల్ల కాదు.

"ముందు సంతకం పెడదాం, షరతులు తర్వాత సడలిద్దాం" అంటారా? యూరప్ తమ కోళ్ల మీద సుంకం వేసిందన్న కోపంతో అమెరికా 1964లో పికప్ ట్రక్కుల మీద 25 శాతం వేసింది. కోళ్ల గొడవ ఎవరికీ గుర్తు లేదు. 25 శాతం మాత్రం అలాగే ఉంది.